విదేశాలకు ఆయుధాలు అమ్మే అమెరికా ఉద్యోగులను ఎవరు కంట్రోల్ చేస్తారు? విశాఖలోని ఐఎన్ఎస్ జలాశ్వకు, ఈ సిస్టమ్‌కు లింకేంటి?

ఐఎన్ఎస్ జలాశ్వ. విశాఖపట్నం వాసులకు కొత్తగా పరిచయం చేయాల్సిన పేరు కాదు. 2020 మే నెలలో, కరోనా లాక్‌డౌన్ టైంలో, మాల్దీవుల్లో చిక్కుకుపోయిన 698 మందిని కొచ్చికి తీసుకొచ్చిన యుద్ధనౌక ఇదే. అంతకుముందు దీని పేరు యూఎస్ఎస్ ట్రెంటన్. అమెరికా నేవీలో 1971 నుంచి పనిచేసిన ఈ ఓడను 2007లో భారత్ సుమారు 4.84 కోట్ల డాలర్లకు కొనుక్కుంది.

డబ్బు మనం కట్టాం. ఓడ మనది. జెండా మనది. కానీ 2008లో కాగ్ తన రిపోర్టులో ఒక విషయం బయటపెట్టింది. ఈ ఓడను దాడులకు వాడకూడదన్న ఆంక్ష, అమ్మిన వస్తువులను అమెరికా వాళ్లు వచ్చి తనిఖీ చేసుకోవచ్చన్న క్లాజు ఒప్పందంలో ఉన్నాయని ఎత్తిచూపింది. మన నేవీ ఓడను వేరే దేశం వాళ్లు వచ్చి చూడటమేంటని అప్పట్లో పెద్ద దుమారమే రేగింది.

మరి ఆ తనిఖీకి వచ్చేది ఎవరు? ఆయుధాలు అమ్మే ఆ ప్రభుత్వ ఉద్యోగులు ఎవరి కింద పనిచేస్తారు? వాళ్లు తప్పు చేస్తే పట్టుకునేది ఎవరు? ఏటా వేల కోట్ల డాలర్ల ఆయుధాలు చేతులు మారే ఈ వ్యవస్థ లోపల ఏం జరుగుతుందో చూద్దాం.

ముఖ్యాంశాలు

- 2024 ఆర్థిక సంవత్సరంలో అమెరికా ప్రభుత్వం ద్వారా జరిగిన ఆయుధ అమ్మకాల విలువ 11,790 కోట్ల డాలర్లు
- ఎంబసీలో కూర్చునే ఆయుధ వ్యవహారాల ఆఫీసర్‌కు ఒక్కరు కాదు, ముగ్గురు బాస్‌లు
- పైనుంచి ప్రత్యేక ఆదేశం లేకుండా "మా ఆయుధాలు కొనండి" అని ప్రోత్సహించకూడదని చట్టంలోనే ఉంది
- యుక్రెయిన్‌కు ఇచ్చిన కీలక ఆయుధాల్లో సగానికి పైగా విలువైన వాటి లెక్క గడువులోగా తేలలేదని పెంటగాన్ సొంత ఆడిటే చెప్పింది

అసలు ఎఫ్ఎంఎస్ అంటే ఏంటి?

అమెరికా ఆయుధాలను వేరే దేశం రెండు ప్రధాన మార్గాల్లో కొనొచ్చు. ఒకటి, నేరుగా కంపెనీతో ఒప్పందం చేసుకోవడం. దీన్ని డైరెక్ట్ కమర్షియల్ సేల్ అంటారు. మన నేవీ వాడుతున్న పీ-8ఐ నిఘా విమానాలను బోయింగ్ నుంచి ఇలాగే కొన్నాం. ఇందులో అమెరికా ప్రభుత్వం లైసెన్స్ ఇస్తుంది తప్ప అమ్మేది అది కాదు.

రెండోది ఫారిన్ మిలిటరీ సేల్స్. షార్ట్‌గా ఎఫ్ఎంఎస్. ఇక్కడ అమ్మకందారు సాక్షాత్తూ అమెరికా ప్రభుత్వమే. కొనే దేశం ప్రభుత్వానికి లెటర్ రాస్తుంది. ఆ ప్రభుత్వం తన సైన్యానికి కొన్నట్టే కంపెనీ దగ్గర కొని, ఆ దేశానికి అప్పగిస్తుంది. సీ-130జే, సీ-17 రవాణా విమానాలు, ఎం777 హోవిట్జర్ ఫిరంగులు, ఎంహెచ్-60ఆర్ హెలికాప్టర్లు మనకు ఇలా వచ్చినవే. 2024 అక్టోబర్‌లో సంతకాలు జరిగిన 31 ఎంక్యూ-9బీ డ్రోన్ల డీల్ కూడా ఇదే రూట్‌లో నడుస్తోంది. జలాశ్వ కూడా ప్రభుత్వం నుంచి ప్రభుత్వానికి వచ్చిన ఓడే.

2023లో 8,090 కోట్ల డాలర్లుగా ఉన్న ఎఫ్ఎంఎస్ లెక్క, 2024లో 11,790 కోట్ల డాలర్లకు ఎగబాకింది. ఒక్క ఏడాదిలో దాదాపు 46 శాతం పెరుగుదల. ఇంత వ్యాపారాన్ని ఏ మార్కెటింగ్ కంపెనీయో నడపడం లేదు. అంతా ప్రభుత్వ ఉద్యోగులు, యూనిఫాంలో ఉన్న ఆఫీసర్లే. అందుకే వీళ్ల మీద పర్యవేక్షణ ఎలా ఉందన్నది చాలా పెద్ద ప్రశ్న.

ఫైల్ ఎవరెవరి చేతుల మీదుగా కదులుతుంది?

దీనికి మూలం 1976 నాటి ఆర్మ్స్ ఎక్స్‌పోర్ట్ కంట్రోల్ యాక్ట్. ఆయుధ అమ్మకాలపై నిరంతర పర్యవేక్షణ, దిశానిర్దేశం బాధ్యత విదేశాంగ మంత్రిదే అని ఈ చట్టం స్పష్టంగా చెబుతోంది. అంటే ఏ దేశానికి అమ్మాలి, ఏ దేశానికి వద్దు అన్న నిర్ణయం సైన్యం చేతిలో ఉండదు. అది విదేశాంగ శాఖ తీసుకోవాలి. ఆయుధం అమ్మడమంటే విదేశాంగ విధానంలో భాగమే తప్ప సరుకు అమ్మకం కాదన్నది దీని వెనకున్న లాజిక్.

నిర్ణయం విదేశాంగ శాఖది అయితే, పని మాత్రం పెంటగాన్‌ది. అక్కడ డిఫెన్స్ సెక్యూరిటీ కోఆపరేషన్ ఏజెన్సీ అనే సంస్థ ఉంది. డీఎస్‌సీఏ అంటారు. 1971లో వేరే పేరుతో మొదలై, 1998లో ఈ పేరు పెట్టుకుంది. రూల్ బుక్ రాసేది, ఒప్పంద పత్రాలను పరిశీలించేది, డబ్బు లెక్క చూసేది ఈ సంస్థే. దీని కింద ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్ విభాగాలు ఒక్కో డీల్‌ను నడిపిస్తాయి. వీటిలో ఒక్కో ఒప్పందాన్ని 'కేస్' అంటారు. దానికి ఒక కేస్ మేనేజర్ ఉంటారు. ఆ కేస్ తెరిచినప్పటి నుంచి చివరి స్పేర్ పార్ట్ చేరేదాకా జవాబుదారీ ఆయనే, లేదా ఆమే.

ఈ గొలుసులో చివరి కొస మాత్రం వాషింగ్టన్‌లో ఉండదు. అది కొనే దేశంలోని అమెరికా ఎంబసీలో ఉంటుంది. అసలు చిక్కు మొదలయ్యేది కూడా అక్కడే.

ఒకే ఉద్యోగికి ముగ్గురు బాస్‌లు

ఎంబసీల్లో పనిచేసే ఈ విభాగాలను సెక్యూరిటీ కోఆపరేషన్ ఆర్గనైజేషన్లు అంటారు. న్యూఢిల్లీలోని అమెరికా ఎంబసీలో దీని పేరు ఆఫీస్ ఆఫ్ డిఫెన్స్ కోఆపరేషన్. సాధారణంగా ఒక సీనియర్ మిలిటరీ ఆఫీసర్ దీనికి చీఫ్‌గా ఉంటారు.

ఆయన ఎవరి మాట వినాలి? లెక్క ఇలా ఉంటుంది.

మొదటి బాస్ అంబాసిడర్. ఆ దేశంలో పనిచేసే ఈ ఆఫీసర్లు అంబాసిడర్ ఆదేశాల కింద, పర్యవేక్షణ కింద ఉండాలని 1961 నాటి ఫారిన్ అసిస్టెన్స్ యాక్ట్ చెబుతోంది. యూనిఫాంలో ఉన్న ఆఫీసరైనా సరే, దౌత్యవేత్త మాటే ఫైనల్.

రెండో బాస్ ఆ ప్రాంతపు మిలిటరీ కమాండర్. భారత్ విషయంలో అయితే హవాయిలో హెడ్‌క్వార్టర్స్ ఉన్న ఇండో-పసిఫిక్ కమాండ్. ఆఫీసర్ పనితీరు మీద రిపోర్ట్ రాసేది ఈ కమాండే. అంబాసిడర్ అభిప్రాయాన్ని అందులో కలుపుతారు. మన భాషలో చెప్పాలంటే ప్రమోషన్ ఫైల్ ఉండేది ఇక్కడ.

మూడో బాస్ డీఎస్‌సీఏ. రూల్స్, నిధులు, ట్రైనింగ్ అన్నీ వీళ్ల నుంచే.

ఇది కావాలనే చేసిన ఏర్పాటు. ఒక్కరి చేతిలో పగ్గాలు పెడితే దారి తప్పే ప్రమాదం ఉంటుంది. ముగ్గురు చూస్తే ఒకరు కాకపోతే ఇంకొకరైనా పట్టుకుంటారన్నది ఆలోచన. కానీ ప్రభుత్వ ఆఫీసుల్లో పనిచేసినవాళ్లకు రెండో కోణం కూడా తెలిసే ఉంటుంది. ముగ్గురు బాస్‌లు ఉన్నచోట 'అది వాళ్లు చూసుకుంటారులే' అనుకునే అవకాశం కూడా అంతే. పైగా ముగ్గురి లక్ష్యాలూ ఒకటి కావు. అంబాసిడర్‌కు ఆ దేశంతో సంబంధాలు ముఖ్యం. కమాండర్‌కు తన యుద్ధ ప్లాన్ ముఖ్యం. డీఎస్‌సీఏకు కేస్ టైంకి పూర్తవడం ముఖ్యం. మధ్యలో ఉన్న ఆఫీసర్ ఈ మూడింటినీ బ్యాలెన్స్ చేసుకోవాలి.

ఇంకో కట్టడి కూడా ఉంది. ఒక్కో దేశంలో ఈ పని మీద ఉండే సైనిక సిబ్బంది సంఖ్య ఆరుకు మించకూడదని అదే చట్టం పరిమితి పెట్టింది. అంతకు మించి కావాలంటే అమెరికన్ కాంగ్రెస్‌కు చెప్పాల్సిందే. ఒకప్పుడు అమెరికా సైనిక సలహాదారుల బృందాలు కొన్ని దేశాల్లో సొంత సామ్రాజ్యాల్లా పెరిగిపోయాయన్న విమర్శల తర్వాత వచ్చిన జాగ్రత్త ఇది.

"మా ఆయుధాలే కొనండి" అని అడగొచ్చా?

ఇది చాలామందికి ఆశ్చర్యం కలిగించే పాయింట్. ఫారిన్ అసిస్టెన్స్ యాక్ట్‌లోని 515వ సెక్షన్ ప్రకారం, విదేశాల్లోని అమెరికా దౌత్య, సైనిక సిబ్బంది అమెరికా తయారీ ఆయుధాలు కొనమని ఏ దేశాన్నీ ప్రోత్సహించకూడదు, ప్రభావితం చేయకూడదు. అమ్మకాలు చూసే ఆఫీసర్ అమ్మకానికి ప్రచారం చేయకూడదన్నమాట!

కాకపోతే ఒక మినహాయింపు ఉంది. ప్రభుత్వంలో తగిన స్థాయి అధికారి ప్రత్యేకంగా ఆదేశిస్తే అప్పుడు చేయొచ్చు. ఈ చిన్న మినహాయింపే కాలక్రమంలో పెద్ద తలుపైంది. 2018 ఏప్రిల్‌లో ట్రంప్ సర్కార్ తెచ్చిన ఆయుధ బదిలీ విధానం అమెరికా పరిశ్రమకు, ఉద్యోగాలకు కలిగే లాభాన్ని కూడా ముఖ్యమైన అంశంగా చూడమంది. 2023 ఫిబ్రవరిలో బైడెన్ సర్కార్ దాన్ని మార్చి, మానవ హక్కుల ఉల్లంఘనకు వాడే అవకాశమే ఎక్కువ అనిపిస్తే అమ్మొద్దని రూల్ పెట్టింది. మళ్లీ 2025 ఏప్రిల్‌లో ట్రంప్ ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ ఇచ్చి, 2018 నాటి విధానాన్ని ముందుకు తెచ్చారు. అమ్మకాల్లో వేగం పెంచడం, జవాబుదారీతనం తేవడం ఈ ఆర్డర్ ఉద్దేశమని పేరులోనే చెప్పారు.

కింద పనిచేసే ఉద్యోగి పరిస్థితి ఊహించండి. కుర్చీ అదే, ఫైల్ అదే, చట్టం కూడా అదే. కానీ నాలుగేళ్లకోసారి 'బాగా పనిచేయడం' అన్నదానికి అర్థమే మారిపోతోంది.

వీళ్ల జీతాలు ఎక్కడి నుంచి వస్తాయి?

ఎఫ్ఎంఎస్ లాభం కోసం నడిచే వ్యాపారం కాదు. నష్టం కూడా రాకూడదు. అందుకే ప్రతి కేస్ మీద అడ్మినిస్ట్రేటివ్ చార్జ్ వేస్తారు. 2018 నుంచి ఇది 3.2 శాతం. అంతకుముందు 3.5 శాతం ఉండేది. అంటే 100 కోట్ల డాలర్ల డీల్‌లో 3.2 కోట్ల డాలర్లు ఈ ఖాతాలోకి వెళ్తాయి. ఈ వ్యవస్థలో పనిచేసే చాలామంది పౌర ఉద్యోగుల జీతాలు, ఆఫీసు ఖర్చులు ఇందులోంచే.

ఒక్క మాటలో, అమ్మకాలు చూసేవాళ్ల జీతం అమ్మకాల నుంచే వస్తోంది. అలాగని ఎవరికీ కమీషన్ ఉండదు. డీల్ పెద్దదైతే ఉద్యోగి జీతం పెరగదు. కానీ డీల్స్ పెరిగితే మొత్తం సంస్థకు వచ్చే నిధి పెరుగుతుంది.

ఈ ఖాతాను అమెరికా ఆడిట్ సంస్థ జీఏఓ పరిశీలించినప్పుడు ఒక ఆసక్తికరమైన విషయం తేలింది. 2007 ఆర్థిక సంవత్సరం మొదట్లో ఈ ఖాతాలో ఉన్నది సుమారు 39 కోట్ల డాలర్లు. 2015 చివరికి అది 410 కోట్ల డాలర్లకు చేరింది. అవసరానికి మించి వసూలవుతోందని దీని అర్థం. ఆ డబ్బు కట్టిన దేశాల్లో భారత్ కూడా ఉంది. ఇలాంటి లెక్క బయటి ఆడిటర్ చూస్తేనే బయటపడుతుంది. పర్యవేక్షణ అంటే మనుషులను చూడటమే కాదు, వాళ్ల గల్లాపెట్టెను చూడటం కూడా.

కాంగ్రెస్ ఆపగలదా?

ఇక్కడ కాంగ్రెస్ అంటే మన పార్టీ కాదు, అమెరికా పార్లమెంట్. పెద్ద డీల్స్ ముందుగా దాని దృష్టికి తీసుకెళ్లాలి. దశాబ్దాలుగా నడుస్తున్న లెక్క ప్రకారం, ప్రధాన ఆయుధాలైతే 1.4 కోట్ల డాలర్లు, మొత్తం ఒప్పందం 5 కోట్ల డాలర్లు దాటితే 30 రోజుల ముందు నోటిఫై చేయాలి. నాటో దేశాలు, జపాన్, ఆస్ట్రేలియా, దక్షిణ కొరియా, ఇజ్రాయెల్, న్యూజిలాండ్‌లకు మాత్రం పరిమితి ఎక్కువ, గడువు 15 రోజులే. భారత్ ఈ లిస్టులో లేదు. అందుకే మన ఎంక్యూ-9బీ డ్రోన్ల డీల్‌ను 399 కోట్ల డాలర్ల అంచనాతో 2024 ఫిబ్రవరి 1న కాంగ్రెస్‌కు నోటిఫై చేశారు.

కాంగ్రెస్ కాదంటే? వ్యతిరేక తీర్మానం పాస్ చేయొచ్చు. కానీ అధ్యక్షుడు దాన్ని వీటో చేయగలరు. వీటోను తోసిపుచ్చాలంటే మూడింట రెండొంతుల మెజారిటీ కావాలి. 1986లో సౌదీకి మిసైళ్ల అమ్మకంపై ఇది ఒక్క ఓటు దూరంలో ఆగిపోయింది. సెనేట్‌లో 67 కావాల్సిన చోట 66 వచ్చాయి. రీగన్ గట్టెక్కారు. డీల్ నడిచింది.

ఇంకో షార్ట్‌కట్ ఎమర్జెన్సీ. అత్యవసరమని ప్రకటిస్తే వెయిటింగ్ పీరియడ్ అక్కర్లేదు. 2019 మేలో అప్పటి విదేశాంగ మంత్రి మైక్ పాంపియో ఇరాన్ ముప్పును చూపి, సౌదీ, యూఏఈ, జోర్డాన్‌లకు సంబంధించిన 22 డీల్స్‌ను ఇలాగే ముందుకు నెట్టారు. విలువ సుమారు 810 కోట్ల డాలర్లు. కాంగ్రెస్ అడ్డుకునే తీర్మానాలు పాస్ చేసింది. ట్రంప్ వీటో చేశారు.

ఆ తర్వాత జరిగింది ఇంకా ముఖ్యం. విదేశాంగ శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ స్టీవ్ లినిక్ ఈ వ్యవహారాన్ని పరిశీలిస్తుండగానే, 2020 మేలో ఆయన్ను పదవి నుంచి తప్పించారు. ఆగస్టులో ఆయన ఆఫీసు రిపోర్ట్ ఇచ్చింది. ఎమర్జెన్సీ ప్రకటన చట్టప్రకారమే ఉందని చెబుతూనే, యెమెన్‌లో సామాన్య పౌరుల ప్రాణాలకు ఉన్న ముప్పును పూర్తిగా అంచనా వేయలేదని పేర్కొంది.

అదే రిపోర్టులో ఇంకో నంబర్ ఉంది. 2017 జనవరి నుంచి సౌదీ, యూఏఈలకు సంబంధించి కాంగ్రెస్ పరిమితికి లోపల ఉండేలా 4,221 బదిలీలకు ఆమోదం దొరికింది. వాటి మొత్తం అంచనా విలువ 1,120 కోట్ల డాలర్లు. విడివిడిగా చూస్తే చిన్నవి. కలిపితే ఎమర్జెన్సీ ప్యాకేజీ కంటే పెద్దవి. ఇలాంటి చిన్న ఫైళ్లు కాంగ్రెస్ దాకా రావు. వాటి మీద సంతకం పెట్టే మధ్యస్థాయి ఉద్యోగి విచక్షణే అక్కడ ఆఖరి చెక్‌పోస్ట్.

అమ్మేశాక కూడా నిఘా: ఏంటీ గోల్డెన్ సెంట్రీ?

1996లో చట్టానికి ఒక సవరణ చేశారు. అమ్మిన ఆయుధం చెప్పిన పనికే వాడుతున్నారా, చెప్పిన చోటే ఉందా అన్నది అమెరికా ప్రభుత్వమే చూసుకోవాలి. దీన్నే ఎండ్ యూజ్ మానిటరింగ్ అంటారు. ప్రభుత్వం అమ్మిన వాటికి పెంటగాన్ నడిపే ప్రోగ్రాం పేరు గోల్డెన్ సెంట్రీ. కంపెనీలు నేరుగా అమ్మిన వాటికి విదేశాంగ శాఖ నడిపేది బ్లూ లాంతర్న్.

మామూలు సామగ్రికి మామూలు చెకింగ్ సరిపోతుంది. వేరే పని మీద వెళ్లినప్పుడు ఓ చూపు చూసి వస్తారు. కానీ భుజం మీద నుంచి పేల్చే స్టింగర్ మిసైళ్లు, జావెలిన్‌లు, నైట్ విజన్ పరికరాల వంటి వాటికి రూల్స్ కఠినం. దొంగల చేతికి, ఉగ్రవాదుల చేతికి చిక్కితే పౌర విమానాలకే ముప్పు. అందుకే వీటిని సీరియల్ నంబర్ల వారీగా లెక్కించాలి. డెలివరీ అయిన 90 రోజుల్లోపు ఒకసారి, తర్వాత ఏటా. ఈ లెక్కింపు చేయాల్సింది ఎంబసీలోని ఆ కొద్దిమంది సిబ్బందే.

యుక్రెయిన్‌లో ఈ వ్యవస్థకు అసలు పరీక్ష ఎదురైంది. యుద్ధం జరుగుతుంటే ఫ్రంట్‌లైన్‌కు వెళ్లి సీరియల్ నంబర్లు చూసేదెవరు? 2022 డిసెంబర్‌లో రూల్స్ మార్చి, యుక్రెయిన్ సైన్యమే స్కానర్లతో లెక్క పంపేలా వెసులుబాటు ఇచ్చారు. అయినా సరిపోలేదు. 2024 జనవరిలో పెంటగాన్ ఇన్‌స్పెక్టర్ జనరల్ ఇచ్చిన రిపోర్ట్ ప్రకారం, ప్రత్యేక నిఘా అవసరమైన సుమారు 169 కోట్ల డాలర్ల ఆయుధాల్లో 100 కోట్ల డాలర్లకు పైగా విలువైన వాటి లెక్క గడువులోగా పూర్తికాలేదు. అంటే 59 శాతం.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఆ ఆయుధాలు పక్కదారి పట్టాయని రిపోర్ట్ చెప్పలేదు. అది తేల్చడం తమ పరిశీలన పరిధిలో లేదని స్పష్టంగా పేర్కొంది. సోషల్ మీడియాలో మాత్రం '100 కోట్ల డాలర్ల ఆయుధాలు మాయం' అని తిరిగింది. లెక్క తేలకపోవడం వేరు, మాయమవడం వేరు. కాకపోతే లెక్క తేలనంతవరకు మాయం కాలేదని గట్టిగా చెప్పడమూ కష్టమే. నిఘా సిబ్బంది తక్కువైతే వచ్చే సమస్య ఇదే.

మళ్లీ జలాశ్వ దగ్గరికి వద్దాం

2008లో కాగ్ ప్రశ్నలు లేవనెత్తిన తర్వాత, ఈ తనిఖీ క్లాజ్ మీద భారత్, అమెరికా మధ్య చర్చలు నడిచాయి. అప్పటిదాకా ఒక్కో డీల్‌కు విడిగా భాష రాసుకునేవారు. ప్రతిసారీ అదే గొడవ. 2009 జులైలో హిల్లరీ క్లింటన్ ఢిల్లీకి వచ్చినప్పుడు, ఇకపై వచ్చే డీల్స్‌కు వర్తించేలా ఎండ్ యూజ్ మానిటరింగ్‌పై ఒక ఉమ్మడి అవగాహన కుదిరింది. సార్వభౌమత్వాన్ని తాకట్టు పెట్టారంటూ ప్రతిపక్షాలు పార్లమెంటులో ఆందోళనకు దిగాయి. తనిఖీ ఎప్పుడు, ఎక్కడ అన్నది భారత్ అంగీకారంతోనే జరుగుతుందని అప్పటి విదేశాంగ మంత్రి ఎస్.ఎం.కృష్ణ సర్కారు తరఫున వివరణ ఇచ్చారు.

మన కోణంలో ఇది సార్వభౌమత్వ ప్రశ్న. ఎంబసీలోని ఆ ఆఫీసర్ కోణంలో చూస్తే మరోలా ఉంటుంది. తనిఖీ చేయకపోతే అమెరికాలో ఆడిటర్లు పట్టుకుంటారు. గట్టిగా చేస్తే కొన్న దేశం నొచ్చుకుంటుంది, అంబాసిడర్‌కు ఇబ్బంది. కొన్నవాళ్లతో రోజూ కాఫీ తాగే మనిషే వాళ్ల గోడౌన్‌కు వెళ్లి లెక్క అడగాలి. ఈ ఉద్యోగంలో అసలు కష్టం ఇక్కడే ఉంది.

లోపలి నుంచే గొంతు లేస్తే?

ఈ వ్యవస్థలో డబ్బు దారి మళ్లిన సందర్భాలూ ఉన్నాయి. ఇజ్రాయెల్‌కు ఇచ్చిన సైనిక సాయం నిధులను, ఆ దేశ వైమానిక దళ అధికారి రామి డోటన్ అమెరికా కంపెనీ జనరల్ ఎలక్ట్రిక్ ఉద్యోగితో కుమ్మక్కై మళ్లించిన కేసు పేరుమోసింది. 1991లో డోటన్‌కు 13 ఏళ్ల జైలు పడింది. 1992లో కంపెనీ తప్పు ఒప్పుకుని 6.9 కోట్ల డాలర్లు కట్టింది. అమెరికాలో ఆ కేసు ముందుకు కదలడానికి కారణం కంపెనీ లోపలి ఉద్యోగి ఒకరు బయటపెట్టడమే.

డబ్బు తప్పులు ఒక రకం. అంతరాత్మకు సంబంధించినవి ఇంకో రకం. 2023 అక్టోబర్‌లో జాష్ పాల్ అనే అధికారి రాజీనామా సంచలనం సృష్టించింది. విదేశాంగ శాఖలో ఆయుధ బదిలీలు చూసే పొలిటికల్-మిలిటరీ అఫైర్స్ బ్యూరోలో ఆయన 11 ఏళ్లకు పైగా పనిచేశారు. గాజా యుద్ధం మొదలయ్యాక ఇజ్రాయెల్‌కు ఆయుధాలు పంపుతున్న తీరుతో విభేదించి బయటికి వచ్చేశారు. మామూలుగా ఇలాంటి ఫైళ్ల మీద లోపల చర్చ జరిగేదని, ఈసారి ఆ చర్చకే చోటు లేకుండా పోయిందన్నది ఆయన ప్రధాన అభ్యంతరం.

రిటైరైన తర్వాత సంగతేంటి? అమెరికా రిటైర్డ్ సైనికాధికారులు విదేశీ ప్రభుత్వాల దగ్గర పనిచేయాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. 2015 నుంచి 500 మందికి పైగా ఇలా విదేశీ ప్రభుత్వాల కొలువుల్లో చేరారని 2022లో వాషింగ్టన్ పోస్ట్ బయటపెట్టింది. ఇవాళ అమ్మే బల్ల దగ్గర కూర్చున్నవాళ్లు రేపు కొనే బల్ల దగ్గరికి వెళ్లే అవకాశం ఉంటే, ఇవాళ్టి నిర్ణయం మీద దాని నీడ పడదా? నిపుణులు అడుగుతున్న ప్రశ్న ఇది.

మనకెందుకు ఇదంతా?

కారణాలు రెండు. ఒకటి, మనం కొనుగోలుదారులం. అపాచీ హెలికాప్టర్ల బాడీలు, సీ-130జే విమానాల తోక భాగాలు హైదరాబాద్‌లోని టాటా జాయింట్ వెంచర్లలో తయారై ప్రపంచానికి వెళ్తున్నాయి. వాషింగ్టన్‌లో ఒక ఫైల్ ఆగితే ఇక్కడ షిఫ్టుల మీద ప్రభావం పడొచ్చు.

రెండోది ఇంకా ముఖ్యం. మనం కూడా ఇప్పుడు అమ్ముతున్నాం. 2024-25లో భారత్ రక్షణ ఎగుమతులు రూ.23,622 కోట్లకు చేరాయి. ఫిలిప్పీన్స్‌కు బ్రహ్మోస్ ఇచ్చాం. ఆ మిసైళ్ల అసెంబ్లీ కేంద్రం ఒకటి హైదరాబాద్‌లోనే ఉంది. మన దగ్గర మందుగుండు, ఆయుధాల ఎగుమతికి రక్షణ ఉత్పత్తుల శాఖ అనుమతి ఇస్తుంది. కొనే దేశం నుంచి ఎండ్ యూజర్ సర్టిఫికెట్ తీసుకుంటారు. విదేశాల్లోని మన డిఫెన్స్ అటాషేలకు ఎగుమతులను ప్రోత్సహించే బాధ్యత కూడా అప్పగించారు. అమెరికా చట్టం ప్రత్యేక ఆదేశం లేకుండా వద్దన్న పనిని మనం మొదటి నుంచే ప్రోత్సహిస్తున్నామన్నమాట. కొత్తగా మార్కెట్లోకి వచ్చిన దేశానికి అది అవసరం కావొచ్చు. కానీ అమ్మే మనిషి, లెక్క చూసే మనిషి ఒక్కరే కాకుండా చూసుకోవడం కూడా అంతే అవసరం.

చివరిగా..

అమెరికా దగ్గర ఆయుధ అమ్మకాలపై చట్టం ఉంది, కాంగ్రెస్ ఉంది, ఇన్‌స్పెక్టర్ జనరళ్లు, ఆడిటర్లు ఉన్నారు, రూల్ బుక్ ఉంది. ఇన్ని ఉన్నా యుక్రెయిన్‌లో లెక్క వెనకబడింది. 4,221 చిన్న ఫైళ్లు పెద్ద చర్చ లేకుండా దాటిపోయాయి. ఒక ఇన్‌స్పెక్టర్ జనరల్ కుర్చీ పరిశీలన మధ్యలోనే ఖాళీ అయింది. అయితే ఈ మూడు విషయాలూ మనకు తెలిశాయంటే కారణం, వాటిని రాసి పబ్లిక్‌గా పెట్టిన ప్రభుత్వ రిపోర్టులు, వాటిని అడిగే పార్లమెంట్. జలాశ్వ క్లాజ్ సంగతి మనకు తెలిసింది కూడా మన కాగ్ రాసిన రిపోర్ట్ వల్లే.

ఆయుధాలు అమ్మే దేశంగా ఎదగాలని భారత్ అనుకుంటున్న ఈ టైంలో, ఎన్ని కోట్ల ఎగుమతులు చేశామన్న నంబర్‌తో పాటు, అమ్మినవి ఎక్కడున్నాయో చెప్పే రిపోర్ట్ కూడా ఏటా పార్లమెంట్ ముందుకు రావాలి. ఆ రెండో కాగితం అడగాల్సింది మన ఎంపీలే.